చేతికెక్కిన మెట్టె

మా అత్త కాలికి పుండు పడిందన్న కబురు నాకు మొదట చెప్పింది మా వీధిలో పూలు అమ్మే ఆమె. ఒకే ఇంట్లో ఉంటూ మూడు పూటలా వండి పెట్టేదాన్ని నేను, నాకు తెలియలేదు. పొద్దున గుమ్మం ముందు బుట్ట దించి, మూర కొలిచి ఇచ్చి, మరో ఇంటికి వెళ్ళిపోయే మనిషికి తెలిసింది. ఆ సంగతి ఇప్పుడు తలుచుకున్నా నాకు సిగ్గుగానే ఉంటుంది.

ఆ రోజు శుక్రవారం. తిరుచానూరు అమ్మవారికని మా అత్త అరుగు మీద కూర్చుని కనకాంబరాలు ఏరుకుంటోంది. పూలామె నన్ను తలుపు చాటుకు పిలిచింది.

"అక్కా, పెద్దమ్మ కాలు సూసినావా? మెట్టె కాడ ఈగలు వాల్తా ఉండాయి. ఆయమ్మ తోలుకోనే లేదు. తెలిస్తే కదా తోలేది!"

నేను వెళ్ళి అత్త ముందు కూర్చున్నాను. ఆమె చీర అంచు కిందికి లాగింది.

"కాలు సూపించండత్తా."

"ఏముండాది సూసేదానికి? చెప్పుల్లేకుండా నడిస్తే రవంత గీసుకోదా?"

"నొప్పి లేదా?"

"నొప్పుంటే నీకు చెప్పనా? ఏమీ లేదే. సల్లగుండాది."

అంచు ఎత్తి చూశాను. ఎడమ కాలి రెండో వేలు వాచిపోయి ఉంది. వెండి మెట్టె కండలోకి దిగి, పైన రవంత మెరుపు మాత్రం కనిపిస్తోంది. కింద చర్మం నల్లబడి తడిగా ఉంది. ఆమె మాత్రం పూలు ఏరడం ఆపలేదు. ఆమెకు చక్కెర జబ్బు పదేళ్ళ నుంచి ఉంది. కాళ్ళలో స్పర్శ ఎప్పుడు పోయిందో ఆమెకే తెలియదు.

మాది తిరుపతిలో పాత వీధి. కొండకు వచ్చే చుట్టాలందరికీ మా ఇల్లు మజిలీ. కొండ ఎక్కేముందు స్నానానికి దిగుతారు, దర్శనమయ్యాక భోజనానికి దిగుతారు. పోతూ పోతూ ప్రసాదం ఇచ్చి పోతారు. మా వంటింటి అలమారలో లడ్డూల స్టీలు డబ్బా ఖాళీగా ఉన్న రోజు నేను కాపురానికి వచ్చాక చూడలేదు. చక్కెర జబ్బున్న మనిషి మరో ఊళ్ళో ఉంటే మిఠాయి వద్దంటుంది, అంతటితో సరి. ఈ ఊళ్ళో మిఠాయి స్వామి దగ్గర నుంచి వస్తుంది. చెయ్యి చాపి కళ్ళకద్దుకుని నోట్లో వేసుకోకపోతే మా అత్తకు ఆ పూట అన్నం దిగదు. రోజుకు ఎన్ని చేతులు ఎన్ని చిటికెలు పెట్టేవో ఎవరూ చూడలేదు. ఒక్కొక్కరూ తాము పెట్టిన చిటికెనే చూశారు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చాలాసేపు చూసింది. వేలికి రక్తం సరిగ్గా అందడం లేదని, మెట్టె ఆ రోజే తీసేయాలని చెప్పింది. "మూడు వారాలు చూస్తాను. మానే దారిలో పడకపోతే వేలు తీయాల్సి వస్తుంది. వేలితో ఆగుతుందని కూడా నేను మాట ఇవ్వలేను," అంది. తీపి మానాలి, మాత్రలు వేళకు వేసుకోవాలి, ఇంట్లో కూడా చెప్పులు వేసుకోవాలి, రోజూ ఎవరో ఒకరు అరికాలు వెలుతురులో పెట్టి చూడాలి. అవన్నీ కాగితం మీద రాసి ఇచ్చింది.

మెట్టె అక్కడే కోస్తామని నర్సు పనిముట్టు తెచ్చేసరికి మా అత్త కాలు వెనక్కి లాక్కుంది.

"మా ఆయన ఇంట్లో ఉండంగా నా మెట్టె పరాయోళ్ళు కోసేదేంది? మా ఇంట్లో పనిముట్లు ఉండాయిలే తల్లీ."

ఆటోలో ఇంటికి బయలుదేరాం. మా వీధి మలుపు తిరిగాక మా అత్త ఒక్క మాట అడిగింది.

"వేలు లేకుంటే అమ్మవారి గుడికి నడిచేదానికి అయితాదా?"

నేను రోడ్డు వైపు తిరిగాను.

మా మామ గడియారాలు బాగుచేసేవారు. బస్టాండు దగ్గర గోడకు ఆనుకుని అలమారంత అంగడి. కంటికి నల్లటి భూతద్దం తగిలించుకుని, నువ్వు గింజంత మరలు పట్టకారుతో తీసి పెట్టేవారు. కబురు వినగానే వెళ్ళి అంగడి నుంచి సన్నటి కట్టరు, ఆకురాయి, భూతద్దం తెచ్చుకున్నారు. మధ్యాహ్నపు వెలుతురు బాగా పడేచోట, వాకిట్లో పీట వేసి అత్త కాలు దాని మీద పెట్టించారు. ఆయన చెయ్యి చాపగానే ఆమె ఉలిక్కిపడింది.

"మీ చెయ్యి తగలకూడదు. నాకు పాపం సుట్టుకుంటాది. కోడలు పట్టుకుంటాది, మీరు కోయండి."

"పట్టుకోకుండా గడియారం స్ప్రింగు కూడా తీయలేనే నేను."

"గడియారానికి పాపం లేదు. నాకుండాది."

చివరికి వేలు నేను పట్టుకున్నాను. ఆయన కట్టరు మొన మాత్రమే తగిలించారు. యాభై ఏళ్ళ పైగా ఆ వేలికి ఉన్న మెట్టె చిన్న చప్పుడుతో విడిపోయింది. మా అత్త కళ్ళు మూసుకుని మెడలోని సూత్రాలు గుప్పిట్లో పట్టుకుని ఉంది. మామ మెట్టెను పట్టకారుతో తీసి, కొళాయి కింద కడిగి, మాకు వీపు పెట్టి కూర్చుని కోసిన అంచులు ఆకురాయితో రాయడం మొదలుపెట్టారు. అంత చిన్న వెండి ముక్కకు అంతసేపు అవసరం లేదు. నేను గాయం కడిగి, మందు పూసి, కట్టు కట్టి, గిన్నె తోమి వచ్చినా ఆయన ఇంకా రాస్తూనే ఉన్నారు.

"ఇట్ల ఈండి దాన్ని," అంది మా అత్త.

"దేవుడి పటం కాడ పెడతాలే."

"పటం కాడుంటే దేవుడు సూస్తాడు. సూడాల్సింది నేను గదా."

పసుపు రాసిన దారానికి మెట్టె కట్టించుకుని కుడి మణికట్టుకు వేసుకుంది. కాలికి ఉన్నప్పుడు చీర కింద దాగి కనపడకుండా పోయిందని, అందుకే ఇంత అయ్యిందని, ఇకనుంచి కళ్ళ ముందే ఉంటుందని చెప్పింది. మేము ఊ కొట్టాం. అది ఆమె మనసుకు ఊరట అనుకున్నాను తప్ప, మందు అనుకోలేదు.

డాక్టరమ్మ ఇచ్చిన కాగితాన్ని నేను వంటింటి గోడకు అంటించాను. మా అత్తకు అక్షరాలు రావు. నాకు వస్తాయి. నేను బడికి పోలేదు. చంద్రగిరి దగ్గర మా పల్లెలో మా అమ్మ కడిగిన గచ్చు మీద ముగ్గుపిండితో నాకు అచ్చులు హల్లులు నేర్పింది. కాపురానికి వచ్చాక మా మామ తన అంగడిలో గడియారాలు చుట్టే పాత పేపర్లు తెచ్చి, భోజనమయ్యాక నాతో గట్టిగా చదివించేవారు. తప్పు చదివితే నవ్వకుండా, "మళ్ళీ సూడమ్మా, ఆడ ఇంకో అక్షరం ఉండాది," అనేవారు. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ ఇద్దరి చలవే. అలాంటి నేను, గోడ మీద కాగితం మూడు రోజులు చదివాను. నాలుగో రోజు నుంచి అది గోడలో కలిసిపోయింది.

మెట్టె మాత్రం గోడలో కలవలేదు. ఐదో రోజో ఆరో రోజో, మధ్యాహ్నం నేను బియ్యం ఏరుతున్నాను. మామ ముందు గదిలో పేపరు చూస్తున్నారు. వంటింట్లో అలమార తలుపు మెల్లగా కిర్రుమంది. తర్వాత స్టీలు డబ్బా మీద 'టింగ్' మని చప్పుడు.

"ఏమే, ఎవురో పిలిచినట్టుండాదే?" అన్నారు మామ, పేపరు దించకుండానే.

మళ్ళీ అలమార తలుపు కిర్రుమంది, మూసుకుంది. మా అత్త బయటికి వచ్చి గడపలో నిలబడింది.

"మూత సరిగ్గా పెట్టినారా లేదా అని సూసినా."

"పెట్టినారా?"

"పెట్టినారు."

"మంచిది," అన్నారు మామ. పేపరు వెనక ఆయన భుజాలు ఊగుతున్నాయి. మా అత్త ఒక క్షణం కోపంగా చూసి, తనూ నవ్వేసింది. "ఇంట్లో దొంగను పట్టేదానికి దొంగ చేతికే గంట కట్టినట్టుండాది నా బతుకు," అంది.

ఆ మెట్టెతోనే మిగతావన్నీ ఒక్కొక్కటిగా అలవాటయ్యాయి. మాత్రలు మింగేటప్పుడు మంచినీళ్ళ చెంబుకు తగిలేది. చెంబుకు తగిలిందంటే మాత్ర వేసుకున్నట్టు. తగిలిన గుర్తు లేకపోతే, "నేను మాత్ర వేసుకోలేదు, చెంబు మోగలేదు," అనేది.

చెప్పుల సంగతి అంత తేలిగ్గా కాలేదు. ఇంట్లో, అందులోనూ దేవుడి పటాలున్న ఇంట్లో, చెప్పులా! మామ మెత్తటి కొత్త రబ్బరు చెప్పులు తెచ్చారు. ఆమె వాటిని రెండు రోజులు ముట్టుకోలేదు. మూడో రోజు పొద్దున చూస్తే, చెప్పులు రెండూ కడిగి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, పీట మీద ఉంచింది.

"ఏందత్తా ఇది? చెప్పులకు పూజ చేసినారా?"

"ఊరికే తొక్కుతానా? మా ఇంట్లోకి వచ్చినాయి. మర్యాద చెయ్యొద్దా?"

అలా మర్యాద జరిగాక వేసుకుంది. దేవుడి గూడు ముందు మాత్రం విప్పేది. అక్కడ నేను దుప్పటి మడత వేసి పరిచాను.

ఆమెను చూసి నేనూ నా మతిమరుపుకు మందు వేసుకుందామనుకున్నాను. రోజూ పొద్దున పారాయణం తప్పిపోతోందని పడుకునేముందు కొంగుకు ముడి వేసుకున్నాను. మర్నాడు ముడి చూసి, ఉప్పు అయిపోయిందనుకుని ఉప్పు తెప్పించాను. ఇంట్లో అప్పటికే రెండు పొట్లాలు ఉన్నాయి. మా అత్త పది మందికి చెప్పి నవ్వింది. ఏ గుర్తుకైనా దాని వెనక మనసుకు తగిలిన గాయమో మక్కువో ఉండాలి కాబోలు. నా ముడికి అదేమీ లేదు.

మూడు వారాలకు డాక్టరమ్మ చూసి, ఇంకో మూడు వారాలు చూద్దామంది. మానలేదు, పెరగనూ లేదు. వేలు అలా అంచున నిలబడి ఉంది.

ఈ లోపల వీధిలో ఒక పుకారు పుట్టింది. పసుపు దారం కట్టుకుంది కాబట్టి మా అత్త మొక్కు పట్టిందనుకున్నారు. మా ఊళ్ళో చేతికి దారం కనపడితే మరో ఆలోచన రాదు. తిరుచానూరు గుళ్ళో పక్కన కూర్చున్నావిడ, "ఎన్నాళ్ళ మొక్కమ్మా?" అని అడిగింది. మా అత్త, "ఎన్నాళ్ళని అనుకోలేదమ్మా," అంది. అందులో అబద్ధం లేదు, నిజమూ లేదు. తీపి వదిలేసి స్వామికి మొక్కిందట అని వీధంతా పాకింది. షుగరు అని చెప్పినప్పుడు 'ప్రసాదానికి షుగరేంది' అని చేతిలో పెట్టినవాళ్ళే, మొక్కు అనగానే రెండు చేతులూ వెనక్కి తీసుకున్నారు. రోగాన్ని ఎవరూ లెక్కచేయలేదు, మొక్కును అందరూ కాపాడారు.

చిత్తూరు నుంచి మా చిన్నత్త వచ్చింది. మా అత్తకు సొంత చెల్లెలు. ప్రేమంతా తినిపించడంలోనే చూపించే మనిషి. కొండ దిగి వస్తూనే లడ్డు విరిచి అక్క నోటి దగ్గర పెట్టింది.

"అక్కా, నోరు తెరువు."

"వద్దులేమ్మా. షుగరు."

"స్వామి ప్రసాదానికి షుగరుంటాదా? పిచ్చిదానా, తెరువు." అంటూనే దారం చూసింది. "ఇదేంది, మొక్కా?"

మా అత్త మాట్లాడలేదు. చిన్నత్త గబుక్కున ఆ ముక్కను తన కళ్ళకద్దుకుని, "తప్పాయ తప్పాయ," అని చెంపలేసుకుంది.

ఆ సాయంత్రం మా అత్తకు మనసు కుదరలేదు. "నేను దానికి అబద్ధం చెప్పినట్టేనా?" అని నన్ను రెండుసార్లు అడిగింది. "మీరేమీ చెప్పలేదు గదత్తా," అన్నాను. "చెప్పకుండా ఉండేది కూడా చెప్పినట్టే," అంది. నాకూ అదే గుబులుగా ఉండింది.

మర్నాడు అందరం కాణిపాకం వెళ్ళాలని ముందే అనుకున్నాం. అక్కడి స్వామి ఎదుట అబద్ధం నిలవదని మా వైపు గట్టి నమ్మకం. ఎంత పెద్ద తగువైనా అక్కడ ప్రమాణం అంటే వెనక్కి తగ్గుతారు. క్యూలో సగం దూరం నడిచాక మా అత్త ఆగిపోయింది. వెనకవాళ్ళు, "కదలమ్మా, కదులు," అంటున్నారు. ఆమె చెల్లెలి చెయ్యి పట్టుకుంది.

"ఇది మొక్కు కాదే. కాలి మెట్టె కోస్తే చేతికి కట్టుకున్నా, తీపి తినకుండా గుర్తుండేదానికి. నువ్వు మొక్కనుకుంటివి, నేను ఊరుకుంటిని. ఇప్పుడు చెప్పేసినా."

చిన్నత్త కళ్ళు పెద్దవి చేసింది. "మొక్కు కాదా?"

"కాదు."

"అట్లైతే," అని సంచిలో చెయ్యి పెట్టి నిన్నటి లడ్డు పొట్లం బయటికి తీసింది, "ఈ రవంత తిను! నిన్నట్నుంచి నా మనసు పీకతా ఉండాది."

క్యూలో ముందున్న ముసలాయన పగలబడి నవ్వాడు. మా అత్త కొంచెంసేపు ఆ లడ్డు వైపు చూసింది. నిజం చెప్పినందుకు ఇదా ఫలం అన్నట్టు ఒక చూపు. తర్వాత గుడి గోపురం వైపు తిరిగి, మెట్టె ఉన్న చెయ్యి పైకెత్తి దణ్ణం పెట్టింది.

"స్వామీ, నిన్నటిదాకా కాదు. ఇప్పుడు మొక్కుతా ఉండాను. నా కాలు నాకు నిలబెట్టు. తీపి నా నాలుక మీద పెట్టను. ఈయమ్మ సాక్షి." చెల్లెలి వైపు తిరిగి, "ఇప్పుడు పెట్టు సూస్తాం," అంది.

చిన్నత్త పొట్లం మూసేసింది. ఆ రోజు నుంచి దారం నిజంగానే మొక్కుదారమైంది. నా గుండె మీద నుంచి బరువు దిగిపోయింది. ఆ స్వామికి నేను ఇప్పటికీ ఋణపడి ఉన్నాను.

అరికాలు చూసే పని మాత్రం ఆమె సొంతంగా చేసుకోలేనిది. నడుము వంగదు, చూపు ఆనదు. సాయంత్రం దీపం పెట్టాక నా ముందు కూర్చుని కాలు నా ఒళ్ళో పెట్టేది. నేను టార్చి వేసి వేళ్ళ సందులూ మడమా చూసి, మందు పూసి కట్టు మార్చేదాన్ని. కాణిపాకం వెళ్ళివచ్చిన కొన్ని రోజులకు మా అమ్మకు కంటి ఆపరేషన్ అయింది. పది రోజులు నేను చంద్రగిరి వైపు మా పల్లెకు వెళ్ళక తప్పలేదు. మా ఇంటాయన ఉద్యోగం నుంచి వచ్చేసరికి చాలా పొద్దుపోయేది. కట్టు ఎవరు మారుస్తారు? బస్సెక్కేదాకా నాకదే దిగులు. మొదట్లో ఎవరూ చూడని రోజుల్లోనే ఆ వేలు అంత దూరం పోయింది. పది రోజులు చూడకపోతే ఏమైపోతుంది?

రోజూ ఫోను చేసేదాన్ని. "సూస్తా ఉండాము లే," అనేది. ఎవరు చూస్తున్నారంటే మాట మార్చేది. నాకు నమ్మకం కుదరక, తొమ్మిదో రోజే అమ్మను మా వదినకు అప్పజెప్పి బయలుదేరాను. దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరాను. తలుపు ఓరగా ఉంది. లోపలి మాటలు విని గడప ముందే ఆగిపోయాను.

మా అత్త కుర్చీలో కూర్చుని ఉంది. మామ ఆమె ముందు నేల మీద, పీట వేసుకుని కూర్చున్నారు. ఆమె ఎడమ కాలు ఆయన ఒళ్ళో ఉంది. ఆయన కంటికి గడియారాల భూతద్దం తగిలించుకుని, టార్చి పక్కకు పట్టుకుని, అరికాలు మీదికి వంగి చూస్తున్నారు. మా అత్త కొంగుతో ముఖమంతా కప్పుకుంది.

"అయిపాయనా?"

"ఉండవే. ఇదేమన్నా గోడ గడియారమా, దూరం నుంచి సూసేదానికి?"

"ఎవురన్నా వస్తే నా మానం పోతాది. మొగుడి చేత కాళ్ళు పట్టించుకునిందంటారు."

"పెండ్లిలో సన్నికల్లు మీద ఈ కాలు పెట్టించి మెట్టె తొడిగినప్పుడు ఎవురు పట్టుకునింది? నేను గాదా? రెండు ఊర్ల జనం సూస్తా ఉన్నారు. అప్పుడు లేని మానం ఇప్పుడేడ నుంచి వచ్చె?"

"అది మంత్రాలు చదివి పట్టుకునింది."

"ఇప్పుడూ చదువుతాలే. నాకు వచ్చింది ఒకటే మంత్రం. కదలొద్దు, కదలొద్దు."

కొంగు కింద నుంచి ఆమె నవ్వు వినిపించింది. నవ్వుతూనే ముక్కు చీదుకుంది. కాసేపటికి మామ భూతద్దం తీసి, "ఇటు సూడు. అంచున ఎర్రగా కొత్త తోలు వస్తా ఉండాది. నలుపు కాదు, ఎరుపు. నేను దినామూ సూస్తా ఉండా గదా, నాకు తెలుసు," అన్నారు.

నేను చప్పుడు కాకుండా వెనక్కి వచ్చి అరుగు మీద సంచి పెట్టుకుని కూర్చున్నాను. లోపల చెప్పుల అడుగులు వినపడేదాకా అక్కడే ఉండి, అప్పుడు దగ్గుకుంటూ లోపలికి వెళ్ళాను.

మర్నాడు సాయంత్రం దీపం పెట్టాక మా అత్త అలవాటు ప్రకారం నా కోసం చూసింది. నాకు ఉన్నట్టుండి పొయ్యి మీద ఏదో పని గుర్తొచ్చింది. మరుసటి రోజూ అంతే. ఆ వేళకు నాకు ప్రతి రోజూ ఏదో పని ఉండేది. పప్పు నానబెట్టాలి, పాలు కాచాలి, పెరట్లో బట్టలు తీయాలి. నా పనులు ఏమిటో మామకు తెలుసనుకుంటాను. ఒకసారి పీట వేసుకుంటూ, "పాపం, కోడలికి ఈ వేళకే తీరికుండదు," అన్నారు నవ్వకుండా.

దీపావళి దాటాక డాక్టరమ్మ కట్టు విప్పి, ఇక కట్టక్కరలేదంది. వేలు నిలిచింది. గోరు మళ్ళీ మొలవలేదు, రంగు మారింది, మెట్టె మళ్ళీ ఎక్కే వీలు లేదు. కానీ వేలు నిలిచింది. "ఇంట్లో ఎవరు చూశారు? చాలా బాగా చూశారు," అని డాక్టరమ్మ అడిగితే మా అత్త గోడ వైపు తిరిగి, "మా కోడలే," అంది. నేను ఆ మెప్పును తలవంచి తీసుకున్నాను. నాది కాని మెప్పు నేను తీసుకున్నది ఆ ఒక్కసారే.

ఆ తర్వాత ఏడేళ్ళు. పుండు లేకపోయినా దీపం పెట్టగానే పీట, టార్చి, భూతద్దం. ఇప్పుడు ఆ రోజులు తలుచుకుంటే నా కళ్ళకు ముందు కనిపించేది ఆ వేళ. వీధిలో పూలామె ఆఖరి బుట్ట కేక, కొండకు వెళ్ళే బస్సుల హారన్లు, పక్కింట్లో కుక్కరు కూత, ముందు గదిలో ఇద్దరు ముసలివాళ్ళు చిన్న గొంతుతో కీచులాడుకోవడం. అంత నిండుగా ఉన్న ఇల్లు నాకు దొరికిందని అప్పుడు తెలియలేదు. వంటింట్లో పప్పు గరిట తిప్పుతూ, వినీ విననట్టు విన్నాను. అదే నా భాగ్యం.

దారం మాసిపోతే మార్చేది. మెట్టె మార్చలేదు. ప్రతి శుక్రవారం తిరుచానూరు తన కాళ్ళతోనే నడిచి వెళ్ళేది.

మూడేళ్ళ కిందట మామ వెళ్ళిపోయారు. పొద్దున స్నానం చేసి, దణ్ణం పెట్టుకుని, కుర్చీలో కూర్చుని అలాగే ఒరిగారు. పదో రోజు ఆడవాళ్ళు మా అత్త చుట్టూ చేరారు. జరగవలసినవి జరుగుతున్నాయి. కుడి కాలి మెట్టె ఆమె తనే వంగలేక వంగి తీసి ఇచ్చింది. చిన్నత్తే ఆ పళ్ళెం పట్టుకుని ఉంది. అప్పుడు ఎవరో పెద్దావిడ మణికట్టు చూపించి, "ఇదీ మెట్టే గదా. ఇదీ తీయాల," అంది.

మా అత్త చెయ్యి గుండెకు ఆనించుకుంది. ఆ దారం పోతే ఆమె ఏమవుతుందో నాకు తెలుసు. ఆ పది రోజులూ ఆమె మాత్ర అడగలేదు, చెప్పులు వేసుకోలేదు, కాలు చూపించలేదు. నేను బతిమాలితే, "ఇంక ఎవురికోసమే," అంది. దారం ఒక్కటే మిగిలింది.

"తీయాలక్కా. ఆనవాయితీ," అంది చిన్నత్త, ఏడుస్తూనే.

"కాలికి ఆయన పెట్టింది ఇచ్చేసినా," అంది మా అత్త. గొంతు పెద్దది చేయలేదు. "ఇది కాలి మెట్టె కాదు. ఆయన కోసిచ్చింది. నేను నడవాలని కోసిచ్చినాడు, నునుపుగా రాసి ఇచ్చినాడు. దీన్ని తీస్తే నేను ఆయన మాట తీసేసినట్టు. మీరు ఏమైనా అనుకోండి, ఇయ్యను."

చిన్నత్త పళ్ళెం పక్కన పెట్టి, కాసేపు ఆ దారాన్నే చూసి, "మాసిపోయిండాది. పసుపు దారం వద్దులే, తెల్లది కడతా," అంది. ఆమే ముడి విప్పి, మెట్టెను తెల్ల దారానికి ఎక్కించి, ఆమే మళ్ళీ కట్టింది.

ఆ సాయంత్రం చుట్టాలంతా వెళ్ళాక నేను దీపం పెట్టి పీట వేసుకుని కూర్చున్నాను. మా అత్త మెల్లగా కాలు నా ఒళ్ళో పెట్టింది. నేను మామ భూతద్దం తీసుకుని కంటికి తగిలించబోయాను. నిలవలేదు, జారి పడింది. మళ్ళీ తగిలించాను, మళ్ళీ పడింది. ఆ పది రోజుల్లో మొదటిసారి ఆమె పెదవులు కదిలాయి.

"కండ్లు చిట్లించాల్నే. ఆయన ముఖం ఎట్ల పెట్టేవాడో సూసిండవా నువ్వు?"

"సూసినానత్తా."

"దొంగా," అంది. "నాకు తెలుసు, నువ్వు ఆ పొద్దు అరుగు మీద కూర్చున్నావని."

ఆమెకు ఇప్పుడు ఎనభై దాటాయి. రెండు కాళ్ళూ పది వేళ్ళతో ఉన్నాయి. శుక్రవారాలు ఆటోలో వెళ్ళినా గుడి వాకిలి నుంచి లోపలికి తన కాళ్ళతోనే నడుస్తుంది. నేను ఆమె అరికాలు చూడని సాయంత్రం లేదు. భూతద్దం నిలబెట్టుకోవడం నేర్చుకున్నాను.

దీన్ని చదివినవాళ్ళను ఒక్కటే అడుగుతున్నాను. మా మామకు పెండ్లిలో, ఆ తర్వాత ఫోటోకు తప్ప పూలదండ పడిన రోజు లేదు. ఆయన బాగుచేసిన గడియారాలు ఎవరి చేతుల మీద ఉన్నాయో ఎవరికీ తెలియదు. ఎప్పుడైనా మీ ఇంట్లో ఒకరి పాదం మీ చేతుల్లోకి తీసుకోవలసి వస్తే, తీసుకునేముందు ఆయనను ఒక్కసారి తలుచుకోండి.